నోరు ఆడతంది, పాట రాదేటి బాబూ?

మా మావయ్య దగ్గర ఐదు ఆడియో క్యాసెట్లు ఉండేవి. వాటి మీద సినిమా పేర్లు గానీ పాటల పేర్లు గానీ ఉండవు. తెల్లకాగితం ముక్క అంటించి బాల్ పెన్నుతో రాసుకున్న మాటలే: దేవుడు, ముస్తాబు, నవ్వు, భోజనాలు, ఏడుపు. 1990ల మొదట్లో ఒడిశాలోని మా బరంపురంలో పెళ్లి చేసుకున్న తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు చాలామంది ఆ ఐదు క్యాసెట్ల మీదుగానే సంసారంలోకి వెళ్ళారు.

షాపు గిరి రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉండేది. కింద ఫొటో స్టూడియో, మేడ మీద మిక్సింగ్ రూము. డిగ్రీ రెండో ఏడు తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను, "ఊరి మీద తిరిగి చెడిపోతాడు, నీ దగ్గరే పడేసుకోరా తమ్ముడూ" అని మా అమ్మ 1992లో అక్కడ అప్పజెప్పింది. ఆ ఏడాది అక్టోబరులోనే మా గంజాం జిల్లాని చీల్చి పర్లాకిమిడి వైపంతా గజపతి జిల్లా చేశారు. పర్లాకిమిడి పెళ్లి ఇకనుంచి బయటి జిల్లా పెళ్లి కాబట్టి రేటు పెంచాలా వద్దా అని మావయ్య కొన్నాళ్ళు నిజంగానే ఆలోచించాడు.

మిక్సింగ్ అంటే ఇప్పటి పిల్లలకి విడమరిచి చెప్పాలి. రెండు వీసీఆర్లు, మధ్యలో మిక్సరు, ఎదురుగా టీవీ. ఒకదాంట్లో కెమెరా క్యాసెట్, రెండోదాంట్లో ఖాళీ క్యాసెట్. బొమ్మ ఇందులోంచి అందులోకి ఎక్కేటప్పుడు దారిలో మనం చేసే గారడీయే మిక్సింగ్. తమలపాకులోంచి పెళ్లికూతురు రావడం, గుండెకాయ ఆకారంలో పెళ్లికొడుకు మొహం తేలడం, చివర్లో ఇద్దరూ చందమామలోకి వెళ్ళిపోవడం... అదంతా మావయ్య పని. బొమ్మ మొత్తం ఎక్కాక శబ్దం నా పని.

వీసీఆర్ ముందు ‘ఆడియో డబ్’ అని ఒక మీట ఉండేది. అది నొక్కితే బొమ్మ చెక్కుచెదరదు. దానితో పాటు వచ్చిన శబ్దం మాత్రం తుడిచిపెట్టుకుపోయి, మనం పెట్టింది ఎక్కుతుంది. వీహెచ్ఎస్ టేపు వెడల్పు అర అంగుళం. దాదాపు అంతా బొమ్మదే. పై అంచున ఒక్క మిల్లీమీటరు వెడల్పు పట్టీ శబ్దానిది. పెళ్లింట్లో అందరూ మాట్లాడిన మాటలు, తిట్టుకున్న తిట్లు, పిల్లల ఏడుపులు, వంటవాళ్ళ కేకలు అన్నీ ఆ ఒక్క మిల్లీమీటరులో ఇరుక్కుని వచ్చేవి. నేను క్యాసెట్ పెట్టి మీట నొక్కేవాణ్ణి. మూడు గంటల్లో అన్నీ పోయి వీణ వచ్చేది.

అప్పట్లో నాకది తప్పుగా అనిపించలేదు సరికదా, పుణ్యం చేస్తున్నట్టుండేది. కెమెరా క్యాసెట్లో అసలు శబ్దం ఎలా ఉండేదో మీరు వినాలి. జనరేటర్ మోత. లైటు పట్టుకునే కుర్రాడు "వైరు తొక్కకండి, వైరు తొక్కకండి" అని అరుపు. తలంబ్రాలు పోస్తుంటే పక్కనెవరో "సాంబారు అయిపోయిందంట" అని గుసగుస. ఒడియాలో ఒకరు, తెలుగులో ఒకరు, రెండూ కలిపి ముగ్గురు. "వెనకాల మ్యూజిక్ లేకపోతే పెళ్లి క్యాసెట్ పోలీసులు దొంగచాటుగా తీసినట్టుంటాదిరా" అనేవాడు మావయ్య.

నేను విన్న మొదటి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మాత్రం సినిమాలోది కాదు, ప్రహ్లాద నాటకంలోది. గంజాం పల్లెల్లో రాత్రి అన్నాలయ్యాక మొదలుపెట్టి తెల్లారేదాకా ఆడేవాళ్ళు. ఆ నాటకం జలంతర రాజా రామకృష్ణ ఛోటరాయుడి పేరు మీద ఉంది. నాటకం మాకు మిగిలింది, ఆ జలంతర మాత్రం సరిహద్దు అవతల శ్రీకాకుళం జిల్లాలోకి పోయింది. ఒక కొసన మెట్లుమెట్లుగా కట్టిన ఎత్తైన మంచె ఉంటుంది, దాని మీద హిరణ్యకశిపుడు. కింద మర్దళం అనే మద్దెల, తాళాలు, హార్మోనియం, ముఖవీణ. మా తాతయ్య ఒళ్ళో నేను రెండో ఝాముకే నిద్రపోయేవాణ్ణి. కథ ఏమీ తెలిసేది కాదు. మర్దళం నడక మారి దెబ్బ బరువెక్కిందంటే రాజు మెట్లు దిగుతున్నాడని నిద్రలోనే తెలిసిపోయేది. కళ్ళు తెరవకుండానే తాతయ్య పంచె గట్టిగా పట్టుకునేవాణ్ణి. ఎవరు వస్తున్నారో, వచ్చేవాడికి ఎంత కోపం ఉందో కంటికంటే ముందు చెవికి చెప్పడమే వెనకాల సంగీతం పని అని ఇప్పుడు పెద్దమాటలు చెప్పగలను గానీ, అప్పటికి తెలిసింది పంచె పట్టుకోవడమే.

తర్వాత రేడియో. బరంపురంలో మాకు ఒక చెవి కటక్ మీద, ఒక చెవి విశాఖపట్నం మీద. విశాఖ కేంద్రం సరిగ్గా అందాలంటే సెట్టుని కిటికీ వైపు కొంచెం వంకరగా పెట్టాలి. దానికోసం మా ఇంట్లో చిన్న చెక్కముక్క ఒకటి ఉండేది. సంక్షిప్త శబ్ద చిత్రం వచ్చే రోజు మా అమ్మ మిషను దగ్గర కూర్చుని జాకెట్లు కుడుతూ వినేది. సినిమాలో బొమ్మ తీసేసి, మాటలూ సంగీతమూ మిగిల్చి, కుదించి వేసేవాళ్ళు. అంత ఘోరంగా నరికిన సినిమా కూడా అర్థమయ్యేది! మాటలు ఆగి, ఫ్లూటు సన్నగా లేచి, దాని కింద వయొలిన్లు చేరాయంటే అమ్మ సూది ఆపి, "ఇదిగో, ఉత్తరం చదువుతోంది" అనేది. ఆ సినిమా ఆవిడ చూసి ఉండదు. అయినా ఉత్తరమే అయ్యేది.

1984లో ఇందిరాగాంధీ పోయినప్పుడు నాకు పదేళ్ళు. పన్నెండు రోజులు సంతాపం. సినిమా పాటలన్నీ ఆగిపోయి రేడియోలో సారంగి, షెహనాయి, వీణ. ఆ పన్నెండు రోజుల్లో సారంగి మా ఇంట్లో ఎంత పాడైపోయిందంటే, ఆ తర్వాత ఎప్పుడైనా వేళకాని వేళ రేడియోలో అది వినిపిస్తే చాలు, అమ్మ వంటింట్లోంచి "ఎవరు పోయారో చూడరా" అని కేకేసేది. పాపం ఏ ఉస్తాదో కచేరీ చేస్తుండేవాడు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మావయ్య ‘ఏడుపు’ క్యాసెట్లో సారంగి ఒక్క ముక్క కూడా లేదు. అడిగితే, "దాన్ని రేడియోవాళ్ళు చావుకి వాడేశారురా. అప్పగింతలకి పెడితే పిల్ల పెళ్లికి పోతోందా, ఏకంగా పోతోందా అంటారు. పెళ్లి ఏడుపు వేరు. దానికి వయొలినే" అన్నాడు. రాగమూ తాళమూ ఏమీ తెలియని మనిషి. ఏ వాద్యానికి జనం ఏ అర్థం అంటించి పెట్టుకున్నారో మాత్రం లెక్క కట్టి చెప్పేవాడు. మిగతా క్యాసెట్లూ అంతే. ‘దేవుడు’లో షేక్ చినమౌలానా నాదస్వరం. ‘ముస్తాబు’లో చిట్టిబాబు వీణ. ‘నవ్వు’లో గిటారు మీద సినిమా పాటలు. ‘భోజనాలు’ క్యాసెట్ గురించి మాత్రం ఆయనకో సిద్ధాంతం ఉండేది: అది చురుగ్గా ఉండాలి. "నెమ్మది మ్యూజిక్ పెట్టావనుకో, మగపెళ్లివాళ్ళు ఇంకా తింటూనే ఉన్నట్టుంటాది. పిల్ల తండ్రి క్యాసెట్ చూసినప్పుడల్లా ఖర్చు గుర్తొస్తాది."

చాలా ఏళ్ళ తర్వాత చదివాను, ఇదే సంగతి అమెరికాలో గడియారం పెట్టి కొలిచారట. రొనాల్డ్ మిలిమన్ అనే ఆచార్యుడు 1982లో ఒక సూపర్ మార్కెట్లో చూస్తే, నెమ్మది సంగీతం పెట్టిన రోజుల్లో జనం నెమ్మదిగా నడిచారు, అమ్మకాలు వేగం సంగీతం పెట్టిన రోజులకంటే 38 శాతం ఎక్కువ వచ్చాయి. 1986లో ఒక రెస్టారెంట్లో చూస్తే, నెమ్మది సంగీతానికి బల్ల దగ్గర సగటున 56 నిమిషాలు కూర్చున్నారు, వేగం సంగీతానికి 45. మావయ్యకి ఫోన్లో చెబితే, "ఆ పదకొండు నిమిషాల్లో ఎన్ని గారెలు పోతాయో తెలుసా" అన్నాడు.

మన పెళ్లిళ్ళలో ఈ విద్య ఎప్పటినుంచో ఉంది. దాని పేరు గట్టిమేళం. పంతులుగారు వేలు ఆడించగానే డోలు, సన్నాయి ఒక్కసారి విరుచుకుపడతాయి. ఆ క్షణంలో ఎవరు తుమ్మినా, ఎవరి నోట ఏ అశుభపు మాట వచ్చినా పెళ్లికూతురి చెవిన పడకూడదని. బరంపురంలో దీనికి ఇంకో వరస కలిసేది. ఇరుగుపొరుగు ఒడియా ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ హుళహుళి వేసేవాళ్ళు. చూసి చూసి మా తెలుగు ఆడవాళ్ళూ నేర్చేసుకున్నారు. ఆంధ్రా వైపు నుంచి ఇచ్ఛాపురం దాటి వచ్చిన చుట్టాలు మొదటిసారి విని బెదిరిపోయి, ఎవరికేమైంది అని లేచి నిలబడేవాళ్ళు. "గట్టిమేళం ఎందుకురా? వినకూడనిది వినపడకుండా. నేను చేసేదీ అదే కదా, మూడు గంటల గట్టిమేళం" అనేవాడు మావయ్య. నేను నమ్మాను. ఇప్పటికీ సగం నమ్ముతాను.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక ఫ్రెంచాయన గురించి. ఎరిక్ సాటీ అనే సంగీతకారుడు 1917లో ‘ఫర్నిచర్ సంగీతం’ అని ఒక మాట పుట్టించాడు. గదిలో కుర్చీ ఉన్నట్టు సంగీతం కూడా ఊరికే ఉండాలి, ఎవరూ పట్టించుకోకూడదు అని ఆయన కోరిక. 1920లో పారిస్‌లో ఒక ప్రదర్శన విరామంలో దాన్ని వాయిస్తే, జనం మాటలు మానేసి బుద్ధిగా కూర్చుని విన్నారట. మాట్లాడుకోండి, తిరగండి, వినకండి అని ఆయన బతిమాలుకోవాల్సి వచ్చిందట. ఒక్కసారి మా బరంపురం పెళ్లికి వచ్చి సన్నాయి పట్టుకుని కూర్చుని ఉంటే ఆయన జన్మ ధన్యమయ్యేది. రెండు గంటలు వాయించినా ఒక్కడు తల తిప్పడు.

ఇప్పుడందరూ బీజీఎం అంటున్నారు. అప్పట్లో మా నోట్లో మాట రీరికార్డింగ్. సినిమా చూసొచ్చి "పాటలు బాగున్నాయా" అని అడిగేవాళ్ళు మామూలు మనుషులు, "రీరికార్డింగ్ ఎలా ఉంది" అని అడిగేవాడు మావయ్య. ఇళయరాజా పేరెత్తితే టీ చల్లారిపోయేది. పాటలు కట్టేవాళ్ళు చాలామంది ఉంటారు, ఎక్కడ ఊరుకోవాలో తెలిసినవాళ్ళు ఎంతమంది అని ఆయన వాదన.

ఆ వాదనకి ఒక మూలం ఉంది. కుర్రతనంలో మావయ్య మద్రాసు వెళ్ళి, తెలిసిన వయొలిన్ ఆయన వెంట ఒక పూట రీరికార్డింగ్ థియేటర్లో కూర్చున్నాడు. తెర మీద వెయ్యి అడుగుల రీలు, అంటే పదకొండు నిమిషాల సినిమా. దాని ముందు వాద్యబృందం. ఒక సీన్లో హీరోయిన్ గోడకి ఆనుకుని ఏడుస్తోంది. మాట లేదు, చప్పుడు లేదు. ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. "ఇరవైసార్లు ఏడ్చిందిరా ఆవిడ. కింద మనవాళ్ళు టీ తాగుతూ స్వరాలు రాసుకుంటున్నారు. ఒకాయన బిస్కెట్ ముంచుకుంటున్నాడు. సరే, అంతా రాసి, ఒకసారి వాయించి చూసి, చివరికి సంగీత దర్శకుడు చెయ్యెత్తి, ఇక్కడేమీ వద్దు, ఆవిడ ఒక్కర్తే ఏడవనీండి అన్నాడు. రాసిన కాగితాలు మడిచి జేబులో పెట్టేసుకున్నారు." ఈ కథ మావయ్య నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు. చెప్పి, కాసేపు ఊరుకుని, "ఆ ఏడుపు క్యాసెట్ ఇలా అందుకో" అనేవాడు.

1994 వేసవిలో ఒక నేతవారింటి పెళ్లి వచ్చింది. మా ఊళ్ళో పట్టు నేసేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకి పెద్దరికం వహించే దేశిబెహెరా కుటుంబం కూడా వాళ్ళలోదే. పెళ్లి బాగా జరిగింది. ముహూర్తానికి కట్టిన పట్టుచీర ఆ ఇంటి మగ్గం మీద నేసిందే. కుంభం అంచు మెరుపు కెమెరాలో ఎక్కువై తెల్లగా వెలిసిపోయినట్టు వచ్చింది, అది వేరే బాధ. క్యాసెట్ వారంలో ఇచ్చేశాం. అప్పగింతల దగ్గర ఎప్పట్లాగే వయొలిన్ మొదలుపెట్టి, కారు కదిలేదాకా లాగాను. చాలా బాగా కుదిరిందని నాకు నేనే మెచ్చుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక ముసలావిడ మనవడి భుజం పట్టుకుని మా మెట్లెక్కి వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. పెళ్లికూతురి నాయనమ్మ. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గోడకి చెయ్యి ఆనించి కాస్త ఊపిరి తీసుకుని, "పాటలు పెట్టింది ఎవరు బాబూ" అంది. మావయ్య ఏమాత్రం మొహమాటపడకుండా నన్ను చూపించాడు.

"నా నోరు ఆడతంది, పాట రాదేటి బాబూ?"

నాకు వెంటనే అర్థం కాలేదు. మనవడు క్యాసెట్ తీసి ఇచ్చాడు. పెట్టి చూశాం. అప్పగింతలు. పెళ్లికూతురు తలవంచుకుని నిలబడి ఉంది. పక్కనే ఈవిడ. పిల్ల చెయ్యి తన చేతుల్లో పెట్టుకుని, నోరు కదుపుతోంది, మధ్యలో వేలెత్తుతోంది, తల ఊపుతోంది. కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ మొదలెడుతోంది. దాని మీద నా వయొలిన్. ఎన్నిసార్లు చూశానో ఆ ముక్క! నవ్వే నోరు, ఏడ్చే నోరు తప్ప పాడే నోరు ఉంటుందని తోచలేదు నాకు.

"వీధి వీధంతా వచ్చి కూచున్నారు బాబూ చూడ్డానికి. ఎదురింటి పిల్ల, మామ్మ ఎందుకలా తిడతంది పెళ్లికూతుర్ని అని అడిగింది" అంది. నిజమే. పాట లేకుండా చూస్తే ఆ వేలు, ఆ తల ఊపు అచ్చం తిడుతున్నట్టే ఉంది.

మావయ్య కెమెరా క్యాసెట్ వెతికించాడు. ఖాళీ క్యాసెట్లు ఖరీదు కాబట్టి కెమెరావి మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళం. దాని మీద అప్పటికే ఛత్రపురం పెళ్లి ఎక్కేసింది. మామ్మ పాట ఉండాల్సిన చోట ఎవరో బ్యాండువాళ్ళు ట్రంపెట్ ఊదుతున్నారు. డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు మావయ్య. "డబ్బులేటి చేసుకుంటాను? పాట ఏదీ?" అంది. కోపంగా అనలేదు. దుకాణంలో పెట్టిన చెంబు తిరిగి అడిగినట్టు అంది.

ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. "మామ్మగారూ, మళ్ళీ పాడతారా?"

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. మైకులో మోత పడుతుందని ఫ్యాను ఆపేశాం. మే నెల. గాలి కోసం కిటికీ తెరవక తప్పలేదు. కుర్చీలో పాట రాదు అంటే చాప వేశాం. టీవీ ఎదురుగా ఆవిడ, ఆవిడ ముందు నీళ్ళ గ్లాసు మీద మూతలా బోర్లించిన పళ్ళెం, దాని మీద మైకు. టీవీలో ఆవిడే, పట్టుచీరలో. నేను ‘ఆడియో డబ్’ నొక్కి చెయ్యి ఊపాను.

మొదటిసారి పాడలేదు, చూస్తూ కూర్చుంది. పిల్ల ఏడుపు చూసి కళ్ళు తుడుచుకుంది. సీను అయిపోయింది.

రెండోసారి పాట మొదలెట్టింది గానీ బొమ్మకంటే చాలా ముందుకి వెళ్ళిపోయింది. పెళ్లిలో ఆవిడ ముక్కు తుడుచుకోవడానికి మూడుసార్లు ఆగింది, ఇక్కడ ఆగట్లేదు. "మామ్మగారూ, టీవీలో మీరు ఆగినప్పుడు ఆగాలి" అన్నాను. "నేను నా వెనకాల పాడాలేటి?" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ తర్వాత నేనేమీ చెప్పలేదు.

మూడోసారి పాడింది. గొంతు సన్నం, కొంచెం జీర. అత్తగారి కంటే ముందు లేవమని, దీపం పెట్టేవేళ ఎదురు మాట్లాడొద్దని, తోటికోడలి పిల్లలకి ముందు పెట్టమని... ఏ వయొలినూ చెప్పలేని సంగతులు. మధ్యలో ఎవరో మావుసిని, అంటే పిన్నిని, పిలిచి నా పిల్లని నువ్వూ దీవించమని ఒక ఒడియా ముక్క ఉంది. అది పాత పాటలో ఉన్నదో, పక్కింటావిడ కోసం ఈవిడే కలిపిందో! రెండో చరణంలో కింద సందులోంచి ఐస్‌ఫ్రూట్ బండి వచ్చింది. గంట టింగుటింగుమని సరిగ్గా పాట మధ్యలో. నేను తల పట్టుకున్నాను. ఆవిడ ఆపలేదు. ఆ గంట సందు చివరిదాకా వెళ్ళి తగ్గిపోయింది.

పాట సీనుకంటే పెద్దది అయింది. తెర మీద కారు కదిలిపోయింది, పాట ఇంకా ఉంది. తర్వాత షాట్ సారె సామాను లారీకి ఎక్కించడం, పాట ఇంకా ఉంది. ఆ తర్వాత కెమెరామన్ ఎందుకు తీశాడో తెలియదు, ఖాళీ పందిరి ఉంది. టెంటువాళ్ళు గుంజలు పీకుతున్నారు, ఒకడు గుండిగ కడుగుతున్నాడు, కుక్క ఒకటి అరటాకులు లాగుతోంది. దాని మీద మామ్మగారి పాట, దీపం పెట్టే వేళ ఎదురు మాట్లాడొద్దని. మావయ్య నా పక్కనే నిలబడి ఉన్నాడు. మామూలుగా అయితే సీను మారగానే శబ్దం తగ్గించమని నా భుజం మీద కొట్టేవాడు. ఆ రోజు కొట్టలేదు. పాట అయ్యేదాకా గుంజలు పీకుతూనే ఉన్నారు. అయ్యాక ఆవిడ గ్లాసులో నీళ్ళు తాగింది.

"ఐస్‌ఫ్రూట్ వాడి గంట పడిపోయింది, ఇంకొక్కసారి పాడతారా" అని అడిగాను. "ఎండలో వాడి బతుకు వాడిది, ఉండనీ బాబూ" అని లేచింది. మెట్లు దిగేటప్పుడు మావయ్య చెయ్యి పట్టుకుని దింపాడు.

తర్వాత షాపులో రెండు మార్పులు వచ్చాయి. కెమెరా క్యాసెట్ నెల దాకా చెరపకూడదు. బిల్లు పుస్తకం మీద ఒక రబ్బరు స్టాంపు: ‘పెళ్లిలో ఎవరైనా పాడి ఉన్నచో ముందుగా తెలుపగలరు’. కింద అదే ఒడియాలో. జనం దాన్ని చూసి పాటకి ఎక్స్‌ట్రా చార్జీ అనుకుని, మాలో ఎవరూ పాడలేదండీ అని గట్టిగా చెప్పేవాళ్ళు.

సీడీలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి, మావయ్య షాపు తీసేసి విశాఖపట్నంలో కూతురి దగ్గరకి వెళ్ళిపోయాడు. నేను వేరే పనిలో పడ్డాను. ఆ ఐదు క్యాసెట్లలో నా దగ్గర ‘భోజనాలు’ ఒక్కటి మిగిలింది. టేపు అంటుకుపోయింది.

పోయిన నెల ఎవరో గ్రూపులో ఒక రీలు పంపించారు. ‘మా అమ్మ పెళ్లి, బరంపురం, 1994’ అని పైన రాసి ఉంది. కుంభం అంచు చీర తెల్లగా మెరుస్తోంది. మామ్మగారు పిల్ల చెయ్యి పట్టుకుని నోరు కదుపుతోంది. వెనకాల వయొలిన్! నాది కాదు, ఇప్పటిది, ఇంకా పెద్దది, డ్రమ్ములతో సహా. ముప్ఫై సెకన్లు. కింద వందల కొద్దీ ఏడుపు మొహాలు.

పంపినవాళ్ళని పట్టుకుని, వాళ్ళ చుట్టాన్ని పట్టుకుని, ఆ అబ్బాయి నంబరు సంపాదించాను. బెంగళూరులో ఉంటాడట. మర్యాదగానే మాట్లాడాడు. మీ తాతమ్మ పాడింది బాబూ అక్కడ, ఆ పాట ఏది అని అడిగాను.

"ఉందంకుల్, మొదట ఒరిజినల్ సౌండ్‌తోనే పెట్టా. కానీ అందులో ఏదో గంట మోగుతూ ఉంటుంది, చాలా నాయిస్. అందుకే తీసేసి బీజీఎం వేశా."

"అది నాయిస్ కాదు, ఐస్‌ఫ్రూట్ బండి" అన్నాను.

అవతల కాసేపు నిశ్శబ్దం.

"అమ్మ పెళ్లిలో ఐస్‌ఫ్రూట్ కూడా పెట్టారా అంకుల్?"